వేలెడంత డాక్, వెయ్యి సందేహాలు

పోయిన నెల ఎవరికో జవాబిస్తూ "కంప్యూటర్ ఇయర్‌ఫోన్స్‌లో గరగర పోవాలంటే ఒక చిన్న యూఎస్‌బీ డాక్ పెట్టి చూడండి" అని ఒక్క మాట అని ఊరుకున్నాను. నేను ఊరుకున్నాను గానీ మీరు ఊరుకోలేదు. ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా దాని గురించే. కాబట్టి టేప్ డెక్‌ల వాళ్ళూ, స్పీకర్ల వాళ్ళూ వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

డాక్ అంటే బ్రహ్మవిద్య ఏమీ కాదు. కంప్యూటర్‌లో పాట అంకెల రూపంలో ఉంటుంది. చెవికి అంకెలు వినపడవు కదా. ఆ అంకెల్ని హెచ్చుతగ్గుల వోల్టేజిగా మార్చే చిప్పే డాక్ (DAC). ఇయర్‌ఫోన్ సాకెట్ ఉన్న ప్రతి కంప్యూటర్‌లోనూ అది ముందే ఉంటుంది. మనం మాట్లాడుకునేది దాన్నే పెట్టె బయట, పెన్ డ్రైవ్ అంత డబ్బీలోనో, వేలెడంత వైరు ముక్క మొదట్లోనో పెట్టి అమ్మే రకం గురించి.

ప్రశ్న: మాస్టారూ, లాప్‌టాప్‌లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రాత్రిపూట పాటలు వింటాను. పాట ఆగగానే చెవిలో సన్నగా గీమంటుంది. మౌస్ కదిపితే ఆ శబ్దం కూడా మారుతుంది. చిన్న డాక్ కొంటే పోతుందా, లేక ఇదంతా ప్రచారమేనా?

జవాబు: పోయే అవకాశమే ఎక్కువ. మౌస్‌తో పాటు మారే శబ్దం పాటలోది కాదు, ఇయర్‌ఫోన్స్‌దీ కాదు. కంప్యూటర్ కడుపులోది. మౌస్ కదలగానే ప్రాసెసర్ నిద్ర లేస్తుంది, తెర మీద బాణం గుర్తుని కొత్త చోట గీస్తుంది, మళ్ళీ కునుకు తీస్తుంది. ఇలా సెకనుకి వందల సార్లు లేచి పడుకుంటూ కరెంటుని గుటకలు గుటకలుగా తాగుతుంది. ఆ గుటకల అలజడి బోర్డు మీది ఎర్త్ గీతల్లోకి పాకుతుంది. అదే బోర్డులో ఒక మూల ఆడియో చిప్పు కూడా కాపురం చేస్తోంది.

అంకెలుగా ఉన్నంతసేపూ పాటకి ఈ అలజడి అంటదు. కాస్త వోల్టేజి అటూ ఇటూ ఊగినా ఒకటి ఒకటిగానే, సున్నా సున్నాగానే చేరతాయి. పాట ఒకసారి వోల్టేజిగా మారాక మాత్రం దానికి రక్షణ లేదు. మిల్లీవోల్టులో పదో వంతు చెత్త కలిసినా, చెవిలోకి దూర్చుకునే సున్నితమైన ఇయర్‌ఫోన్స్‌లో అది వినిపిస్తుంది. యూఎస్‌బీ డాక్ చేసే మేలంతా ఇక్కడే ఉంది. పాట అంకెలుగానే గుమ్మం దాటుతుంది. వోల్టేజిగా మారడం బయట జరుగుతుంది.

"పోతుంది" అని గట్టిగా అనకపోవడానికి కారణం ఉంది. ఆ డబ్బీ తినే 5 వోల్టులు కూడా అదే కంప్యూటర్ నుంచే వస్తాయి. కాస్త మంచి డాక్‌లలో ఆ కరెంటుని వడకట్టే రెగ్యులేటర్లు ఉంటాయి. మరీ నాసిరకం వాటిలో వడకట్టు నామమాత్రం, కాబట్టి అలజడి కొంత లోపలికి జొరబడుతుంది.

నా సంగతి చెబుతాను. ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఒకటి ఉండేది. ముందు వైపు సాకెట్‌లో హెడ్‌ఫోన్స్ పెడితే హార్డ్ డిస్క్ తిరుగుడు, మౌస్ నడక, అన్నీ వినిపించేవి. మూత తీసి చూస్తే, మదర్‌బోర్డు వెనక మూల నుంచి ముందు సాకెట్ దాకా ఒక సన్నటి వైరు గ్రాఫిక్స్ కార్డు పక్కనుంచి, ఫ్యాను పక్కనుంచి ఊరేగుతూ వచ్చింది. దారిలో ఉన్నదంతా మూటగట్టుకుని వస్తోందన్నమాట. ముప్పై ఏళ్ళు యాంప్లిఫయర్లు బాగుచేసినవాణ్ణి, ఈ మాత్రం నా వల్ల కాదా అనుకున్నాను. వైరు దారి మార్చాను, రేకు చుట్టాను, ఎర్త్ మార్చాను. రెండు ఆదివారాలు పోయాయి. గరగర సగం తగ్గింది, అహం పూర్తిగా తగ్గింది. మూడో ఆదివారం సొరుగులో పడి ఉన్న ఒక పాత యూఎస్‌బీ డాక్ తగిలించాను. లోపల ఉన్నది పీసీఎం 2704 అనే చిప్పు, 16 బిట్, 48 కిలోహెర్ట్జ్ దాటదు, ఈ రోజుల్లో ఎవరూ గొప్పగా చెప్పుకునేది కాదు. పాట ఆపాను. నిశ్శబ్దం. పాట ఆగిపోయిందా, డాక్ చచ్చిపోయిందా అని మళ్ళీ ప్లే నొక్కి చూసుకున్నాను.

కొనేముందు మీరు ఖర్చు లేకుండా చూసుకోవాల్సింది ఉంది. చార్జర్ తీసేసి బ్యాటరీ మీద వినండి. శబ్దం అప్పుడే పోతే కథ వేరు, అనుమానం చార్జర్ మీద. యాంప్లిఫయర్‌కి వైరు వేసుకుని వినేవాళ్ళయితే కింద హమ్మింగ్ ప్రశ్నకి రాసిన జవాబు చదవండి. సౌండ్ సెట్టింగుల్లో మైక్ శబ్దాన్ని నేరుగా ఇయర్‌ఫోన్స్‌కి వినిపించే ఆప్షన్ ఆన్ అయి ఉంటే ఆపేయండి, చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు. డెస్క్‌టాప్ వాళ్ళయితే ముందు సాకెట్ మానేసి వెనక సాకెట్‌లో పెట్టి చూడండి.

ప్రశ్న: అన్నయ్యగారూ, మా అబ్బాయి ఫోన్‌తో పాటు ఒక సి-టైప్ పిన్ను వచ్చింది, దానికి ఇయర్‌ఫోన్స్ తగిలించుకోవచ్చు. ఫోన్‌లో బాగానే పాడుతోంది. నా లాప్‌టాప్ సి-పోర్టులో పెడితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. పోర్టు పాడైందా?

జవాబు: పోర్టు బంగారంలా ఉండి ఉంటుందమ్మా. చూడ్డానికి ఒకేలా ఉండే ఈ పిన్నుల్లో రెండు జాతులు ఉన్నాయి. ఒక జాతిలో చిప్పే ఉండదు, ఉత్త వైర్లు. డాక్ ఫోన్‌లోపలే ఉంటుంది. ఫోన్ తయారుచేసిన వోల్టేజినే సి-పోర్టులోని కొన్ని కాళ్ళ గుండా బయటికి పంపుతుంది. ఈ పద్ధతికి ఆడియో యాక్సెసరీ మోడ్ అని పేరు. కొన్ని ఫోన్లకే అది ఉంటుంది, కంప్యూటర్లకి దాదాపు ఉండదు. రెండో జాతిలో పిన్ను మొదట్లోనే బుల్లి డాక్ ఉంటుంది, దాన్ని ఏ కంప్యూటర్‌లో పెట్టినా పాడుతుంది.

గుర్తుపట్టడం తేలిక. తగిలించగానే సౌండ్ జాబితాలో కొత్త పేరు కనిపిస్తే చిప్పు ఉన్నట్టు. ఏమీ కనిపించకపోతే ఉత్త వైరు. కొనేటప్పుడు "లోపల డాక్ ఉందా" అనే అడగండి, "సి-టైప్ ఉందా" అని అడిగితే రెండో జాతి రావాలని లేదు.

ఆపిల్ 2018 నుంచి అమ్ముతున్న సి-టైప్ హెడ్‌ఫోన్ అడాప్టర్ ఈ రెండో జాతిదే. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వరకు వెళ్తుంది, సుమారు ఒక వోల్టు ఇస్తుంది. చిటికెన వేలి గోరంత చిప్పుతో అంత శుభ్రంగా పలకడం చూసి, పెద్ద పెద్ద పెట్టెలు బాగుచేసిన నాకు కొంచెం కడుపు మండింది కూడా. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో మాత్రం దాని శబ్దం బాగా తక్కువగా వస్తుంది. దానిలోపల ఉన్న వాల్యూమ్‌ని ఆ ఫోన్లు పూర్తిగా పెంచవు. కంప్యూటర్‌లో ఆ గొడవ లేదు.

ప్రశ్న: సర్, నేను డిగ్రీ చదువుతున్నాను. రెండు డాక్‌ల దగ్గర ఆగిపోయాను. ఒకటి 24 బిట్, 96 కిలోహెర్ట్జ్. ఇంకోటి 32 బిట్, 384 కిలోహెర్ట్జ్, ధర మూడు రెట్లు. పెద్దదే కొనమని ఫ్రెండ్స్ అంటున్నారు. జీవితంలో ఒకసారి కొనే వస్తువు కదా?

జవాబు: ముందు ఆ ఆఖరి మాట మీద నవ్వుకోనివ్వు బాబూ. ఈ డబ్బీల వైరు ముక్క తెగిపోకుండా మూడేళ్ళు ఉంటే గొప్ప.

కిలోహెర్ట్జ్ సంగతి. పాట అలని సెకనుకి ఎన్నిసార్లు కొలిచి అంకె వేశారో చెప్పేది అది. సీడీకి 44,100 సార్లు. ఈ వంకర లెక్క ఎక్కడిదని నా కుర్రతనంలో చాలా బుర్ర గోక్కున్నాను. తొలిరోజుల్లో డిజిటల్ ఆడియోని దాచడానికి వీడియో టేపులే దిక్కు. ఒక్కో టీవీ గీతలో మూడు అంకెలు, ఒక్కో ఫీల్డులో (అంటే టీవీ బొమ్మలో సగం) 245 గీతలు, సెకనుకి 60 ఫీల్డులు. హెచ్చవేసి చూడు, సరిగ్గా 44,100 వస్తుంది. 50 ఫీల్డుల టీవీ పద్ధతిలో 294 గీతలు వాడితే అక్కడా అంతే. 1982లో సీడీ మార్కెట్‌లోకి వచ్చేనాటికి ఆ అంకె స్థిరపడిపోయింది.

కొలతల వేగంలో సగం వరకు ఉన్న స్వరాలన్నిటినీ ఏ లోటూ లేకుండా తిరిగి రాబట్టొచ్చన్నది గణితం. అంటే సీడీ 22,050 హెర్ట్జ్ దాకా పట్టగలదు. మనిషి చెవి 20,000 దగ్గర ఆగిపోతుంది, అదీ పసివయసులో. మొన్న మా అమ్మాయీ నేనూ పరీక్ష పెట్టుకున్నాం. తనకి 17,000 దాకా వినిపించింది. నాకు 11,500 దగ్గరే తలుపులు మూసుకున్నాయి. "నాన్నా, ఇంకా మోగుతూనే ఉంది" అని తను అంటుంటే నేను స్పీకర్ వైపు అనుమానంగా చూస్తూ కూర్చున్నాను. 384 కిలోహెర్ట్జ్ డాక్ 1,92,000 హెర్ట్జ్ దాకా పలకగలదు. గబ్బిలాలకి కూడా అంత అక్కర్లేదేమో.

ఇక బిట్లు. ఒక్కో బిట్ సుమారు 6 డెసిబెల్స్. 16 బిట్లంటే 96 డెసిబెల్స్, అంటే పాటలోని అతి పెద్ద శబ్దానికీ, అడుగున ఉన్న సరసరకీ మధ్య ఎడం. ప్రశాంతంగా ఉన్న గదిలో కూడా 30 డెసిబెల్స్ అలికిడి ఉంటుంది. దాని మీద 96 పేర్చితే 126, అక్కడ చెవి నొప్పి పుడుతుంది. 32 బిట్లు లెక్కప్రకారం 192 డెసిబెల్స్. అంత నిశ్శబ్దంగా ఉండే చిప్పు లేదు, మంచి చిప్పులు కూడా 120, 130 దగ్గర ఆగిపోతాయి. వాటి సొంత వేడి పుట్టించే సరసరే అడ్డం పడుతుంది. పెట్టె మీద 32 అని ఉంటే అది తీసుకోగలిగే అంకెల పొడవు, వినిపించే శుభ్రత కాదు.

ఇదంతా పుస్తకాల లెక్క, చెవి ఏమంటుందో చూద్దామని ఇంట్లో పందెం వేశాం. ఒకవైపు నా పాత 16 బిట్ డాక్, ఇంకోవైపు అమ్మాయి కొత్తగా కొన్న 32 బిట్, 384 కిలోహెర్ట్జ్ డాక్. ఒకే యాంప్లిఫయర్, ఒకే హెడ్‌ఫోన్స్. మొదటి రౌండులో నేను ప్రతిసారీ కొత్తదే బాగుందన్నాను. బేస్ నిండుగా ఉంది, గొంతు ముందుకొచ్చింది, ఇంకా ఏవేవో అన్నాను. తర్వాత మల్టీమీటర్ పెట్టి చూస్తే కొత్తది కాస్త గట్టిగా పలుకుతోంది. అంతే సంగతి. చెవికి గట్టిగా ఉన్నది బాగున్నట్టు తోస్తుంది, తేడా కొద్దిగానే ఉంటే "గట్టి" అని కాకుండా "మేలు" అనిపిస్తుంది. అప్పుడు 200 హెర్ట్జ్ స్వరం పలికించి రెండింటి వోల్టేజీ సమానం చేశాం. ఎక్కువ హెర్ట్జ్‌తో కొలవొద్దు, చవక మీటర్లు అక్కడ తప్పు చూపిస్తాయి. రెండో రౌండులో నా వెనక కూర్చుని అమ్మాయి మారుస్తుంటే 20 సార్లకి 11 సార్లు సరిగ్గా చెప్పాను. బొమ్మా బొరుసూ వేసినా అంతే వచ్చేది.

నాది ముసలి చెవి అంటావేమో. 2007లో మేయర్, మోరాన్ అనే ఇద్దరు అమెరికాలో ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ పత్రికలో ఒక పరీక్ష ఫలితాలు అచ్చువేశారు. సీడీ కంటే ఎక్కువ కొలతలున్న రికార్డింగుల్ని నేరుగా ఒకసారి, సీడీ స్థాయికి కుదించి ఒకసారి వినిపించారు. 554 ప్రయత్నాల్లో విన్నవాళ్ళు 276 సార్లు సరిగ్గా గుర్తుపట్టారు, అంటే సగానికి ఒకటి తక్కువ. ఆ పరీక్షకి వాడిన రికార్డింగుల మీద విమర్శలు వచ్చిన మాట నిజమే. కానీ అంత తంటాలు పడితే తప్ప తేలని తేడాకి మూడు రెట్లు ధర ఎందుకు అన్నది నా ప్రశ్న.

24 బిట్లకి మాత్రం పనికొచ్చే ఉపయోగం ఒకటుంది. కంప్యూటర్‌లో వాల్యూమ్ తగ్గించినప్పుడు, ప్రతి 6 డెసిబెల్స్‌కీ ఒక బిట్ చొప్పున పాట కిందికి జారుతుంది. 24 బిట్ డాక్ అయితే జారడానికి చోటు ఉంటుంది. నువ్వు చిన్నదే కొను. మిగిలిన డబ్బుకి మంచి హెడ్‌ఫోన్స్ వస్తాయి, అక్కడ తేడా ఎవరూ చెప్పకుండానే వినిపిస్తుంది.

ప్రశ్న: కొత్త డాక్‌ని వంద గంటలు పాడిస్తే గానీ అసలు సౌండు బయటికి రాదంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదు. ఆ వంద గంటల్లో అలవాటు పడేది మీ చెవి.

ప్రశ్న: మీ తప్పు ఒకటి పట్టుకున్నాను. మూడు నెలల క్రితం "ఇయర్‌ఫోన్స్ ఓమ్స్ గురించి బుర్ర పాడుచేసుకోకండి" అని రాశారు. నా 16 ఓమ్స్ ఇయర్‌ఫోన్స్ డెస్క్‌టాప్ సాకెట్‌లో ఒకలా, డాక్‌లో ఇంకోలా పలుకుతున్నాయి. డెస్క్‌టాప్‌లో గొంతులు ముక్కుతో పాడినట్టున్నాయి. ఇది ఊహ కాదు, ఇంట్లో అందరూ చెప్పారు.

జవాబు: తప్పు నాదే. ఒప్పుకుంటున్నాను. నేను ఆ రోజు చెప్పాలనుకున్నది వేరు, రాసింది వేరు.

ప్రతి హెడ్‌ఫోన్ సాకెట్‌కీ తనదంటూ కొంత నిరోధం, అంటే కరెంటుకి అడ్డు, ఉంటుంది. దాన్ని కొలిచేదే ఓమ్స్‌లో. పాత డెస్క్‌టాప్ సాకెట్లలో కొన్నింటికి 50, 75 ఓమ్స్ దాకా ఉండేది. ఇయర్‌ఫోన్స్ మీద రాసిన 16 ఓమ్స్ అన్ని స్వరాలకీ ఒకేలా ఉండదు. ఒక్కో చెవిలో రెండు మూడు డ్రైవర్లు, అంటే బుల్లి స్పీకర్లు, ఉన్న రకాల్లో అయితే ఒక స్వరానికి 10, ఇంకో స్వరానికి 40 అన్నట్టు ఊగుతూ ఉంటుంది. వాటి ముందు 75 ఓమ్స్ అడ్డం పెడితే, ఓమ్స్ ఎక్కువున్న స్వరాలకి వోల్టేజి ఎక్కువ దక్కుతుంది, తక్కువున్న వాటికి కోత పడుతుంది. ముక్కుతో పాడినట్టు వినిపించడం అందుకే. సాకెట్ నిరోధం ఇయర్‌ఫోన్స్ ఓమ్స్‌లో ఎనిమిదో వంతు మించకూడదని మా వాళ్ళ లెక్క. మీ 16కి అయితే 2 ఓమ్స్. ఇప్పుడొచ్చే బుల్లి డాక్‌లలో చాలావాటికి ఒకటికి అటూ ఇటూనే. కాబట్టి మీ విషయంలో డాక్ నిజంగానే స్వరం మార్చింది, మీ ఇంట్లోవాళ్ళ చెవులు మంచివి.

ప్రశ్న: నా హెడ్‌ఫోన్స్ 300 ఓమ్స్. డాక్ కొన్నాక కూడా వాల్యూమ్ చివరిదాకా పెడితే గానీ వినపడట్లేదు. డాక్ లోపమా?

జవాబు: లోపం కాదు, జత కుదరలేదు. వోల్టేజిని వోల్టేజితోనే హెచ్చవేసి ఓమ్స్‌తో భాగిస్తే పవర్ వస్తుంది. ఒక వోల్టు ఇచ్చే డాక్ 32 ఓమ్స్ హెడ్‌ఫోన్స్‌కి 31 మిల్లీవాట్లు ఇస్తుంది. అదే వోల్టు మీ 300 ఓమ్స్‌కి సుమారు 3 మిల్లీవాట్లే ఇస్తుంది. రెండు వోల్టులిచ్చే డాక్ చూసుకోండి, 13 మిల్లీవాట్లు అవుతాయి, శబ్దం 6 డెసిబెల్స్ పెరుగుతుంది. ఈ సైజులో అలాంటివి బాగానే దొరుకుతున్నాయి. వివరాల్లో మిల్లీవాట్లు మాత్రమే రాసి ఎన్ని ఓమ్స్ దగ్గరో రాయకపోతే ఆ అంకెని పట్టించుకోకండి.

ఒక జాగ్రత్త. కొన్ని డాక్‌లకి లావుపాటి 4.4 మిల్లీమీటర్ల బ్యాలెన్స్‌డ్ సాకెట్ కూడా ఉంటుంది. అందులోంచి ఎక్కువ వోల్టేజి వస్తుంది కదా అని, మామూలు 3.5 పిన్నుకి అడాప్టర్ పెట్టి తగిలించకండి. బ్యాలెన్స్‌డ్‌లో రెండు చెవులకీ వెనక్కి వెళ్ళే వైర్లు వేర్వేరు, వాటిని కూడా యాంప్లిఫయరే నడుపుతుంటుంది. మామూలు పిన్ను ఆ రెండింటినీ కలిపి కట్టేస్తుంది. అలా కాల్చుకున్న డబ్బీలు రెండు నా బల్ల మీదకి వచ్చాయి, వచ్చినట్టే వెళ్ళాయి.

మీ తర్వాత ఆ రెండు వోల్టుల డాక్‌లో ఇంట్లో పిల్లలు మామూలు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటారు. ముందు వాల్యూమ్ కిందికి దించి ఇవ్వండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవాళ్ళకి 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ గంటలు సగం. 92కి చేరేసరికి రెండున్నర గంటలే మిగులుతాయి.

ప్రశ్న: డాక్ నుంచి యాంప్లిఫయర్‌కి వైరు వేశాను. లాప్‌టాప్ చార్జర్ పెట్టగానే స్పీకర్లలో బుయ్ మని హమ్మింగ్. తీస్తే ఆగిపోతుంది. డాక్ మార్చినా అంతే.

జవాబు: ఇంకో పది మార్చినా అంతే. యాంప్లిఫయర్‌కి మూడు కాళ్ళ ప్లగ్, చార్జర్‌కీ మూడు కాళ్ళ ప్లగ్. అంటే ఎర్త్‌కి రెండు దారులు, ఆ రెండింటినీ కలుపుతూ మీ ఆడియో వైరు. ఒక పెద్ద ఉంగరం తయారైంది. గోడలోని కరెంటు ఆ ఉంగరంలో కాస్త తిరుగుతుంది, అదే హమ్మింగ్. హెడ్‌ఫోన్స్‌తో వింటే రాదు, ఎందుకంటే హెడ్‌ఫోన్స్‌కి ఎర్త్ ఉండదు.

ముందు రెండు ప్లగ్గులనీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టి చూడండి, కొన్నిసార్లు అంతటితో సద్దుమణుగుతుంది. లేదంటే డాక్‌కీ యాంప్లిఫయర్‌కీ మధ్య గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెట్టండి. లోపల రెండు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు తప్ప ఏమీ ఉండవు. మరీ చవకదైతే అడుగు బేస్ కొంచెం పలచబడుతుంది. డాక్‌కి ఆప్టికల్ అవుట్‌పుట్, యాంప్లిఫయర్‌కి ఆప్టికల్ ఇన్‌పుట్ ఉంటే అంతకంటే మంచిది లేదు, వెలుతురు వెళ్ళే దారిలో కరెంటు నడవలేదు. యూఎస్‌బీ వైపే విడదీసే ఐసొలేటర్లూ ఉన్నాయి. వాటిలో చవకవి సెకనుకి 12 మెగాబిట్ల వేగానికే పనిచేస్తాయి. ఆ వేగంలో 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ దాకా ఇబ్బంది లేదు, పెద్ద అంకెల డాక్‌లు మాత్రం కొన్ని మొరాయిస్తాయి.

ప్లగ్గులో ఎర్త్ కాలు విరిచేయమని మీకు ఎవరో ఒకరు చెబుతారు. హమ్మింగ్ పోయే మాట నిజం. ఆ తర్వాత యాంప్లిఫయర్‌లో ఏదైనా షార్ట్ అయితే కరెంటు వెళ్ళే దారి మీ చేతిలో పట్టుకున్న వైరే. ఆ సలహా ఇచ్చినవాళ్ళతో ఇంకెప్పుడూ కరెంటు గురించి మాట్లాడకండి.

ప్రశ్న: నా డాక్‌లో చిన్న లైటు ఉంది. సీడీ పాటలకి ఆకుపచ్చగా వెలగాలని కాగితంలో ఉంది. నేనేం పెట్టినా నీలమే. డూప్లికేట్ అంటగట్టారా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు రాసిన రంగులు చూస్తే అది డ్రాగన్‌ఫ్లై అనే డాక్ అయి ఉండాలి. పెన్ డ్రైవ్ ఆకారంలో డాక్ అంటే 2012లో ఎక్కువమందికి తెలిసింది దానితోనే. దాని మీది తూనీగ బొమ్మ 44.1కి ఆకుపచ్చ, 48కి నీలం, 88.2కి పసుపు రంగు చూపిస్తుంది. మీది నీలమే చూపిస్తోందంటే డాక్ నిజమే చెబుతోంది, మార్చేస్తున్నది విండోస్. మెయిల్ వచ్చిన టింగ్ శబ్దం, వీడియో, పాట, అన్నీ ఒకేసారి మోగాలి కాబట్టి అన్నిటినీ ఒకే వేగానికి మార్చి కలిపి పంపుతుంది. సౌండ్ సెట్టింగుల్లో మీ డాక్ పేరు మీద నొక్కి, ఫార్మాట్ 24 బిట్, 44,100కి మార్చండి. పాటల ప్లేయర్‌లో వాసాపీ ఎక్స్‌క్లూజివ్ అనే ఆప్షన్ ఉంటే అది పెడితే మధ్యలో విండోస్ వేలు పెట్టదు. మాక్‌లో అయితే ఆడియో మిడి సెటప్ తెరిచి మార్చాలి.

ఇలా మార్చాక వినడానికి తేడా తెలుస్తుందా అంటే, నాకు తెలియలేదు. లైటు ఆకుపచ్చగా వెలిగితే మనసుకి హాయిగా ఉంటుంది, దాన్నీ తక్కువ చేయను.

ప్రశ్న: జిట్టర్ అంటే ఏమిటి? అసింక్రనస్ డాక్ అయితేనే కొనాలా?

జవాబు: మామూలు డాక్‌కి కంప్యూటర్ పాటని వెయ్యో వంతు సెకనుకి ఒక పొట్లం చొప్పున పంపుతుంది. 44,100ని వెయ్యితో భాగిస్తే 44.1 వస్తుంది, ఒక అంకెలో పదో వంతుని పొట్లం కట్టలేం. అందుకని తొమ్మిది పొట్లాల్లో 44 చొప్పున, పదో పొట్లంలో 45 పెడుతుంది. పాత డాక్‌లు ఈ పొట్లాలు వచ్చే వేగాన్ని చూసి తమ గడియారాన్ని సర్దుకునేవి. గడియారం అలా తడబడితే స్వరం చివర సన్నగా ఊగిసలాడుతుంది, దాన్నే జిట్టర్ అంటారు. అసింక్రనస్‌లో పెత్తనం డాక్‌ది. తన గడియారంలోని స్ఫటికం ప్రకారం పాడుతూ, కంప్యూటర్‌తోనే "కొంచెం ఎక్కువ పంపు, కొంచెం తగ్గించు" అంటుంది. పద్ధతిగా ఉన్న పని. ఇప్పుడొచ్చే వాటిలో చాలావరకు ఇలాంటివే కాబట్టి వెతుక్కోవాల్సిన అవసరం రాదు. నా పాతది ఇది కాదు, అయినా పైన పందెంలో నేను దాన్ని పట్టుకోలేకపోయాను.

ప్రశ్న: పాట మధ్యలో టిక్ టిక్ మని తెగుతోంది. హబ్‌లో కీబోర్డు, హార్డ్ డిస్క్, డాక్ అన్నీ ఉన్నాయి.

జవాబు: డాక్‌ని హబ్ నుంచి తీసి నేరుగా కంప్యూటర్‌కి పెట్టండి. ఫైలు కాపీలో అంకె పోతే యూఎస్‌బీ మళ్ళీ అడిగి తెచ్చుకుంటుంది. పాటకి ఆ ఆలస్యం పనికిరాదు కాబట్టి పోయింది పోయినట్టే, అదే టిక్. అప్పటికీ తగ్గకపోతే ప్లేయర్‌లో బఫర్ (పాటని ముందుగా కొంత నింపి ఉంచుకునే చోటు) కొంచెం పెంచి, పవర్ సేవింగ్ ఆపి చూడండి. మీ కంప్యూటర్ పాతదైతే ఇంకో మాట. 96 కిలోహెర్ట్జ్ దాటే డాక్‌లకి కావలసిన యూఎస్‌బీ ఆడియో క్లాస్ 2 డ్రైవర్ విండోస్‌లో 2017లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచే ఉంది. అంతకు ముందుదైతే తయారీదారు డ్రైవర్ విడిగా ఎక్కించుకోవాలి.

ప్రశ్న: ఇన్ని చెప్పారు, మీరు ఏది వాడతారు?

జవాబు: పందెం అయ్యాక ఆ 384 కిలోహెర్ట్జ్‌ది నాకు వదిలేసి, 24 బిట్‌ది ఇంకోటి కొనుక్కుంటానని అమ్మాయి అంది. వారం తర్వాత చూస్తే అది మళ్ళీ తన బ్యాగులోనే ఉంది. "నీకు ఎలాగూ 11,500 దాకే కదా నాన్నా" అని కారణం చెప్పింది. నా బల్ల మీద ఆ 16 బిట్‌దే ఉంది. సాకెట్ వదులైతే మొన్న మళ్ళీ టంకం పెట్టాను.